ముందు ఫోను, తర్వాత బండి

ఇంట్లోనే కనాలనుకున్న తల్లులందరూ ఇంట్లోనే కనరు. అమెరికాలో 2004 నుంచి 2009 దాకా మిడ్‌వైఫ్‌ల చేతుల మీదుగా ఇంటి కాన్పుకు సిద్ధపడిన 16,924 మంది లెక్కలు తీశారు. వారిలో నూటికి దాదాపు పదకొండు మందిని నొప్పుల మధ్యలో ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఇంగ్లండులో 64 వేల పైచిలుకు కాన్పులను పరిశీలించి 2011లో వెలువరించిన అధ్యయనంలో తొలి కాన్పుకూ తర్వాతి కాన్పులకూ తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. ఇంటి కాన్పు అనుకున్న తొలిచూలు తల్లుల్లో నూటికి 45 మంది చివరికి ఆసుపత్రికి చేరారు. అంతకుముందే కనీసం ఒక బిడ్డను కన్నవారిలో అది 12 మందే.

వీళ్లంతా ప్రాణాల మీదికి వచ్చి పరుగెత్తినవారు కాదు. నొప్పులు ముందుకు సాగక, రాత్రంతా మేలుకుని ఒంట్లో సత్తువ అయిపోయి, నొప్పి తెలియని మందు కావాలని వెళ్లినవారే ఎక్కువ. చాలామందికి సైరన్‌తో పనిలేదు, సొంత కారు చాలు. కొద్దిమంది విషయంలో మాత్రం బిడ్డ గుండె చప్పుడు పడిపోతుంది, బొడ్డుతాడు ముందుకు జారుతుంది, లేదా కాన్పయ్యాక రక్తస్రావం ఆగదు. అప్పుడు ప్రతి నిమిషమూ లెక్కలోకి వస్తుంది.

అంటే కాన్పు మధ్యలో చేతులు మారడం ఎక్కడో ఒకసారి జరిగే వింత కాదు. నూటికి ఎందరికి జరుగుతుందో ముందే తెలుసు. అలాంటి పనికి ముందే కసరత్తు చేసి ఉంచాలన్నది చిన్న పిల్లలకైనా తట్టే మాట. అయినా చాలా దేశాల్లో, చాలా ఆసుపత్రుల్లో ఆ కసరత్తు లేదు. అమెరికా వాయవ్య మూలనున్న వాషింగ్టన్ రాష్ట్రం మాత్రం దశాబ్దంన్నరగా ఆ దారిలో నడుస్తోంది. ‘స్మూత్ ట్రాన్సిషన్స్’ పేరుతో సియాటెల్‌లోని ఫౌండేషన్ ఫర్ హెల్త్ కేర్ క్వాలిటీ అనే సంస్థ నడుపుతున్న ఈ కార్యక్రమం ఉద్దేశం ఒక్కటే: బయట మొదలైన కాన్పు ఆసుపత్రికి చేరేటప్పుడు తల్లీబిడ్డా మధ్యలో జారిపోకూడదు.

అక్కడి మిడ్‌వైఫ్ మన పాతకాలపు మంత్రసాని కాదు. వాషింగ్టన్‌లో మిడ్‌వైఫ్ లైసెన్సు చట్టం 1917 నాటిది. చదువు, పరీక్ష, లైసెన్సు ఉంటేనే ఆమె కాన్పు చేయాలి. ఆమె సంచిలో ఆక్సిజన్, రక్తస్రావం ఆపే ఇంజెక్షన్లు, కుట్లు వేసే సరంజామా, ఊపిరి అందని పసిబిడ్డకు గాలి పట్టే బ్యాగు, మాస్కు ఉంటాయి. పేదల ఆరోగ్య బీమా కింద ఇంటి కాన్పుకు ప్రభుత్వమే డబ్బు చెల్లిస్తుంది. ఏ లక్షణం కనిపిస్తే తల్లితో మాట్లాడాలి, ఏది కనిపిస్తే డాక్టరును సంప్రదించాలి, ఏది కనిపిస్తే ఇక తన చేతుల్లోంచి వదిలేయాలి అనేది ఆ రాష్ట్ర మిడ్‌వైఫ్‌ల సంఘం జాబితాగా రాసి పెట్టుకుంది. రెడ్‌మండ్, బెల్లెవ్యూ, బోథెల్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ సేవలు అందుబాటులో ఉన్నవే.

ఇంత ఏర్పాటున్నా చిక్కు ఎక్కడ వచ్చింది? మనుషుల మధ్య వచ్చింది.

రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు వైపు నుంచి చూడండి. నూటికి ఇంట్లో సుఖంగా జరిగిన ఎనభై తొమ్మిది కాన్పులు ఆయన కంట పడవు. అడ్డం తిరిగిన పదకొండే ఆయన గుమ్మం తొక్కుతాయి. ఏళ్ల తరబడి అవే చూస్తుంటే, ఇంటి కాన్పంటేనే ప్రమాదమన్న నమ్మకం గట్టిపడుతుంది. ఆ చిరాకు మాటలో, ముఖంలో బయటపడుతుంది. ఇప్పుడు మిడ్‌వైఫ్ వైపు నుంచి చూడండి. కిందటిసారి ఆసుపత్రికి వెళ్తే అందరి ముందూ చీవాట్లు తిన్నది. ఈసారి ఫోను ఎత్తబోయి ఒక్క క్షణం ఆగుతుంది. ఇంకో అరగంట చూద్దాం అనుకుంటుంది. ఆ అరగంటే ఒక్కోసారి కొంప ముంచుతుంది. ఈ రెండు పంతాల నడుమ నలిగేది మంచం మీదున్న మనిషి.

రక్తస్రావం విషయంలో ఆలస్యానికి ఎంత ధర ఉందో పరిశోధకులు అంకెల్లోనే చూపించారు. కాన్పు తర్వాత రక్తం ఆగనప్పుడు ఇచ్చే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే చవక మందు మూడు గంటల్లోపు పడితేనే పనిచేస్తుంది. పావుగంట ఆలస్యమైన కొద్దీ దాని ఫలితం సుమారు పదో వంతు చొప్పున తగ్గుతూ పోతుంది. ఫోను చేయడానికి జంకిన పావుగంట, గేటు దగ్గర వాదులాడిన పావుగంట ఎక్కడికీ పోవు. తల్లి ఒంట్లోంచి పోయిన రక్తంలోనే కలుస్తాయి.

2011లో డాక్టర్లు, నర్సులు, మిడ్‌వైఫ్‌లు, తల్లుల ప్రతినిధులు, బీమా సంస్థలవారు ఒకచోట కూర్చున్న ‘హోమ్ బర్త్ సమ్మిట్’ అమెరికాలో ఈ తగవుకు ఒక దారి చూపింది. ఇంటి కాన్పు మంచిదా చెడ్డదా అన్న వాదన తెగదని అందరికీ తెలుసు. దాన్ని పక్కన పెట్టి, తరలింపు ఎలా జరగాలన్న దాని మీద కలిసి మార్గదర్శకాలు రాసుకున్నారు. మిడ్‌వైఫ్ బయలుదేరే ముందే ఆసుపత్రికి ఫోను చేయాలి. రికార్డు నకలు వెంట తేవాలి. తల్లితో పాటు తానూ రావాలి, అక్కడివారికి నోటితో వివరంగా చెప్పాలి. ఆసుపత్రి వాళ్లు ఆమె చెప్పేది వినాలి, తల్లినీ బిడ్డనూ విడదీయకూడదు, డిశ్చార్జి అయ్యాక ఏం జరిగిందో మిడ్‌వైఫ్‌కు రాసి పంపాలి. మొత్తం చదివితే ఇందులో కొత్త విద్య ఏదీ లేదు. పెద్దమనుషులు ఒకరికొకరు ఇచ్చుకునే మర్యాదను కాగితం మీద పెట్టారు, అంతే.

వాషింగ్టన్ చేసిన పని ఆ కాగితాన్ని గోడకు అంటించి వదిలేయకుండా అమల్లో పెట్టడం. కార్యక్రమంలో చేరిన ఆసుపత్రులు చుట్టుపక్కల మిడ్‌వైఫ్‌లతో క్రమం తప్పకుండా సమావేశమవుతాయి. జరిగిన తరలింపులను ముందుపెట్టుకుని ఎక్కడ తడబడ్డారో మాట్లాడుకుంటారు. తరలింపు తర్వాత తల్లిని అడుగుతారు, మిడ్‌వైఫ్‌ను అడుగుతారు, ఆసుపత్రి సిబ్బందిని అడుగుతారు. ఒకే రాత్రి గురించి ముగ్గురూ మూడు రకాలుగా చెబితే, అసలు లోపం ఆ తేడాల్లోనే దొరుకుతుంది. అంబులెన్సు సిబ్బందిని కూడా ఆ బల్ల దగ్గరికి పిలుస్తారు. వీటన్నిటికీ ప్రాణం పోసేది ఉత్తుత్తి కేసుతో చేసే కసరత్తు.

అలాంటి కసరత్తు ఒకటి ఎలా సాగుతుందో కాస్త దగ్గర నుంచి చూద్దాం. నార్వే సంస్థ లేర్డాల్ తయారుచేసిన ‘మామా నటాలీ’ అనే బొమ్మ పొట్టను ఒక నర్సు తన ఒంటికి కట్టుకుని సోఫా మీద పడుకుంటుంది. పొట్టలో దాచిన సంచిలో ఎర్రనీళ్లు ఉంటాయి. బిడ్డ బొమ్మ బయటికి వస్తుంది, మాయా పడుతుంది. ఆ తర్వాత ఎర్రనీళ్లు కారడం మొదలై ఆగవు. మిడ్‌వైఫ్ ఒక చేత్తో పొట్ట మీద గర్భసంచిని రుద్దుతూ, తొడకు ఆక్సిటోసిన్ పది యూనిట్లు ఇవ్వమని తోడున్న సహాయకురాలికి చెబుతుంది. ఒకరు గడియారం చూసి టైము రాస్తారు. ఇంకొకరు ఫోనందుకుంటారు.

ఇక్కడే అసలు పరీక్ష. ఫోనులో ఏం చెబుతారు? “ఒకామెను తీసుకొస్తున్నాం, బ్లీడింగ్ కాస్త ఎక్కువగా ఉంది” అంటే అవతలివారికి ఏమీ అర్థం కాదు. కసరత్తు చేసినవారి ఫోను ఇలా ఉంటుంది: “తొలికాన్పు, నెలలు నిండాయి. రెండు గంటల పదికి మామూలు కాన్పు అయింది, మాయ మొత్తం పడింది. ఇప్పటికి 900 మిల్లీలీటర్లు పోయింది, ఇంకా పోతోంది. బీపీ 90/50, నాడి 124. ఆక్సిటోసిన్ పది యూనిట్లు ఇచ్చాం. బ్లడ్ గ్రూపు ఓ పాజిటివ్. పద్దెనిమిది నిమిషాల్లో మీ దగ్గరుంటాం. రక్తం సిద్ధం చేయండి, డాక్టరును లేబర్ రూంలో ఉంచండి.” అర నిమిషం పట్టలేదు. ఏం జరిగింది, వెనక ఏముంది, నా అంచనా ఏమిటి, మీరేం చేయాలి అన్న ఈ నాలుగు మెట్ల వరసను అమెరికా అణు జలాంతర్గాముల సిబ్బంది నుంచి ఆసుపత్రులు అరువు తెచ్చుకున్నాయి. ఎంత చదువుకున్నా, చేతులు రక్తంలో ఉన్నప్పుడు ఈ వరస దానంతట అది నోటికి రాదు. పదిసార్లు పలికి ఉంటేనే వస్తుంది.

మిగిలినవి చూడటానికి చిన్నవే. స్ట్రెచరు మెట్ల మలుపులో తిరగదు, కుర్చీ మీద మోసుకురావాలి. రాత్రి పదకొండు దాటాక ఆసుపత్రి పెద్ద గేటు మూసేస్తారు, ఎమర్జెన్సీ వైపు నుంచి రావాలి. ఎమర్జెన్సీకి వస్తే అక్కడి నర్సు రిజిస్ట్రేషన్ అయిందా అంటుంది. లేబర్ రూంకు వెళ్లే లిఫ్టుకు కార్డు కావాలి, ఆ కార్డు ఉన్న మనిషి ఇంకో అంతస్తులో ఉంటాడు. నిజంగా రక్తం కారుతున్న రాత్రి ఇవి తెలిస్తే నష్టం తల్లికి. ఎర్రనీళ్లు కారుతున్న మధ్యాహ్నం తెలిస్తే ఒక కాగితం రాసి, ఒక తాళంచెవి ఇంకొకరికి ఇచ్చి సరిచేసుకోవచ్చు. కసరత్తు ముగిశాక అందరూ ఒకచోట కూర్చుంటారు. తప్పెవరిదన్న ప్రశ్న రానివ్వరు, ఏది అడ్డొచ్చిందన్నదే అడుగుతారు. అంతకన్నా పెద్ద లాభం మరొకటుంది. ఫోనులో గొంతు విన్న డాక్టరుకు ఆ మిడ్‌వైఫ్ ముఖం గుర్తొస్తుంది. ముఖం తెలిసిన మనిషి మీద కసురుకోవడం కష్టం.

కసరత్తుతో నిజంగా ఫలితం ఉంటుందా అని అడిగేవారికి ఇంగ్లండులో బ్రిస్టల్‌లోని సౌత్‌మీడ్ ఆసుపత్రి సమాధానం చెబుతుంది. 2000 నుంచి అక్కడ డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు కలిసి ఏటా కాన్పు అత్యవసరాల శిక్షణ పొందడం మొదలుపెట్టారు. పుట్టగానే ఊపిరాడక మెదడు దెబ్బతినే పిల్లల సంఖ్య సగానికి తగ్గింది. బిడ్డ తల వచ్చి భుజం ఇరుక్కునే సందర్భాల్లో పిల్లలకు గాయాలు నూటికి 9.3 నుంచి 2.3కి పడిపోయాయి. ఉన్న మనుషులే, ఉన్న గదిలోనే, కలిసి సాధన చేశారు.

దీన్ని చూసి ఇంటి కాన్పులకు జై కొట్టనక్కర్లేదు. వాషింగ్టన్‌కు పొరుగున ఉన్న ఓరెగన్‌లో 2012, 2013 సంవత్సరాల కాన్పులను పరిశీలించిన అధ్యయనంలో, ఆసుపత్రి బయట కనాలనుకున్నవారి పిల్లల్లో మరణాలు వెయ్యికి 3.9, ఆసుపత్రిలో కనాలనుకున్నవారిలో 1.8గా తేలాయి. సిజేరియన్లు మాత్రం 5.3 శాతానికి ఎదురుగా 24.7 శాతం. లాభం, నష్టం రెండూ ఉన్నాయి. గమనించాల్సిన సంగతి ఇంకొకటి. ఆ రాష్ట్రం జనన ధ్రువపత్రంలో ‘ఎక్కడ కనాలనుకున్నారు’ అన్న ప్రశ్న చేర్చింది కాబట్టే ఈ లెక్క తేలింది. అది లేనిచోట ఇంట్లో మొదలై ఆసుపత్రిలో ముగిసిన కాన్పు ఆసుపత్రి పద్దులోనే పడుతుంది. చేతులు మారిన క్షణం ఏ రికార్డులోనూ ఉండదు. రికార్డులో లేనిదాన్ని బాగుచేసే నాథుడూ ఉండడు. 2018లో అమెరికా రాష్ట్రాల్లో మిడ్‌వైఫ్‌లు వైద్యవ్యవస్థతో ఎంతగా కలిసిపోయారో వందకు మార్కులు వేస్తే, వాషింగ్టన్‌కు అన్నిటికన్నా ఎక్కువగా 61, నార్త్ కరోలినాకు అన్నిటికన్నా తక్కువగా 17 వచ్చాయి. మొదటి ర్యాంకువాడికే 61 అంటే చేయాల్సిన పని ఎంత మిగిలిందో తెలుస్తూనే ఉంది.

డాక్టర్ల నుంచి ఒక అభ్యంతరం తరచూ వస్తుంది. మిడ్‌వైఫ్‌లతో కలిసి కసరత్తు చేస్తే ఇంటి కాన్పులను ప్రోత్సహించినట్టు కాదా? కాదు. డాక్టరు ముఖం చాటేసినంత మాత్రాన ఆ తల్లి ఆసుపత్రికి రాకుండా పోదు. ఆలస్యంగా, కాగితాలు లేకుండా, భయపడుతూ వస్తుంది. కరోనా కాలంలో అమెరికాలో ఇంటి కాన్పులు 2019లోని 1.03 శాతం నుంచి 2021లో 1.41 శాతానికి పెరిగాయి. ఎవరూ ప్రోత్సహించలేదు. కోర్టు కేసుల భయం ఇంకొకటి. బాధ్యత ఎప్పుడు ఎవరి నుంచి ఎవరికి మారిందో గట్టిగా పలికి, టైము వేసి రాసుకునే చోటే ఆ భయం తగ్గుతుంది.

మరి తెలుగు రాష్ట్రాలకు ఈ గొడవతో ఏం సంబంధం? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇంటి కాన్పు మనకు దాదాపు తీరిపోయిన సమస్య. కాన్పు మధ్యలో చేతులు మారడం మాత్రం తీరలేదు. మన దగ్గర దాని పేరు రిఫరల్. పీహెచ్‌సీ నుంచి సీహెచ్‌సీకి, అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రికి. పాడేరు నుంచి విశాఖ కేజీహెచ్‌కు, ఉట్నూరు నుంచి ఆదిలాబాద్ రిమ్స్‌కు. ఏజెన్సీలో అయితే అంతకుముందే డోలీ ఒక మజిలీ.

బండి విషయంలో మన రాష్ట్రాలు చాలా చేశాయి. 108 సేవ పుట్టిందే 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో. కొండ దారుల్లోకి బైకు అంబులెన్సులు వచ్చాయి. సాలూరు, గుమ్మలక్ష్మీపురం లాంటి చోట్ల నెలలు నిండిన గిరిజన గర్భిణులను ముందే తెచ్చి ఉంచే వసతి గృహాలు పెట్టారు. ఇవన్నీ మెచ్చుకోదగ్గవే. కానీ బండి చేరాక ఏమవుతోంది? తల్లితో పాటు వచ్చే చీటీ మీద చాలాసార్లు ఉండేది ఒకే ఒక్క వాక్యం: మెరుగైన వైద్యం కోసం పై ఆసుపత్రికి పంపడమైనది. బీపీ ఎంత, ఏ ఇంజెక్షన్ ఎన్నింటికి ఇచ్చారు, నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి అన్న ప్రశ్నలన్నిటికీ డ్యూటీ డాక్టరుకు జవాబు చెప్పాల్సింది వెంట వచ్చిన అత్తగారో, ఆశా కార్యకర్తో. తహసీల్దారు బదిలీ అయితే కుర్చీలు, బీరువాలతో సహా జాబితా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటారు. రెండు ప్రాణాలు చేతులు మారేటప్పుడు ఆపాటి పద్ధతి కూడా లేకపోవడం సిగ్గుచేటు.

ఈ ప్రశ్న ముందు ముందు ఇంకా పెద్దదవుతుంది. సిజేరియన్లు పెరిగిపోతుంటే (అదే అయిదో విడత సర్వేలో అవి తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం) మిడ్‌వైఫ్‌లే దీనికి మందు అన్న ఆలోచన బలపడుతూ వచ్చింది. 2017లో కరీంనగర్ జిల్లా ఆసుపత్రిలో 30 మంది స్టాఫ్ నర్సులకు ఫెర్నాండెజ్ సంస్థ సాయంతో తెలంగాణ ప్రభుత్వం పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ప్రకటించింది. మిడ్‌వైఫ్‌లే నడిపే కాన్పు విభాగాలు పెద్ద ఆసుపత్రుల్లో ఏర్పడాలన్నది అందులోని ఆలోచన. అక్కడ తల్లి మారాల్సిన దూరం ఒక వరండా. కానీ ఇంగ్లండు లెక్కల్లో ఆసుపత్రిని ఆనుకునే ఉన్న మిడ్‌వైఫ్ విభాగాల నుంచి సైతం తొలిచూలు తల్లుల్లో నూటికి 40 మంది డాక్టర్ల వైపు మారారు. వరండా పొడవు తగ్గినంత మాత్రాన మిడ్‌వైఫ్‌కూ డాక్టరుకూ మధ్య దూరం తగ్గదు. మిడ్‌వైఫ్ పిలిస్తే డాక్టరు విసుక్కోకుండా రావాలి, డాక్టరు వచ్చాక మిడ్‌వైఫ్‌ను బయటికి పంపకూడదు. ఇది శిక్షణలోనే, ఇద్దరినీ కలిపి సాధన చేయించాల్సిన పాఠం.

మన వ్యవస్థలో మాతృమరణాల సమీక్ష ఉంది. తల్లి చనిపోయాక కమిటీ కూర్చుంటుంది, ఫైలు కదులుతుంది, సంజాయిషీలు అడుగుతారు. 2018–20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, కేరళలో 19. దేశ సగటు 97తో పోలిస్తే మనం మెరుగే. కేరళతో పోలిస్తే అప్పటికి రెట్టింపుకు పైనే ఉన్నాం. ఈ మిగిలిన దూరం కొత్త భవనాలతో తగ్గేది తక్కువ. చేతులు మారే చోట పారబోసుకుంటున్న నిమిషాలను పట్టుకుంటే తగ్గేదే ఎక్కువ.

సిబ్బంది లేరు, తీరిక లేదు అన్న మాట చెల్లదు. 2022 డిసెంబరు 27న కొవిడ్ మాక్‌డ్రిల్ అంటే దేశమంతటా ఆసుపత్రులు కొద్ది రోజుల్లోనే సిద్ధమయ్యాయి, ఆక్సిజన్ పైపులు విప్పి చూపించాయి. రాదేమో అనుకున్న అలకు కసరత్తు చేసినవారు, ప్రతి రాత్రీ వచ్చే కాన్పు కేసుకు చేయలేరా?

జిల్లా వైద్యాధికారులు ఈ మూడు నెలల్లోనే మొదలుపెట్టదగిన పనులు ఇవి. సిజేరియన్ వసతి ఉన్న ప్రతి ఆసుపత్రీ తన కింది పీహెచ్‌సీల స్టాఫ్ నర్సులను, ఏఎన్‌ఎంలను, 108 సిబ్బందిని పిలిచి మూడు నెలలకొకసారి ఒక పూట ఉత్తుత్తి కేసు నడపాలి. ఒకసారి రక్తస్రావం, ఇంకోసారి గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్ రావడం). లేబర్ రూంకు ఇరవై నాలుగు గంటలూ ఎత్తే ఫోను నంబరు ఒకటి ఉండాలి, అది ప్రతి పీహెచ్‌సీ గోడ మీద, ప్రతి 108 బండిలో రాసి ఉండాలి. రిఫరల్ చీటీలో బీపీ, నాడి, ఇచ్చిన మందు, ఇచ్చిన టైము కోసం గడులు పెట్టి, పంపినవారూ అందుకున్నవారూ సంతకం చేయాలి. తల్లి ఇంటికి వెళ్లాక ఏమైందో కింది నర్సుకు కబురు పంపాలి. వీటిలో దేనికీ కొత్త జీవో అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. కలెక్టర్లు తమ నెలవారీ సమీక్షలో ఎన్ని కాన్పులయ్యాయని అడిగే చోటే, ఎన్ని కసరత్తులు జరిగాయని కూడా అడగడం మొదలుపెట్టాలి.